లిస్టులో కింది పేరు

గురువారం రెవెన్యూ ఆఫీసు నుంచి ఆర్‌ఐ విచారణకు వస్తున్నాడని తెలిసి, చెంగయ్య బుధవారం మధ్యాహ్నానికే మదనపల్లె టమాట మండీలో పని వదిలేసి పుంగనూరు బస్సెక్కాడు. ఇరవై రెండేళ్లుగా ఆ మండీలో బాక్సులు మోస్తున్న మనిషి. సీజన్లో, లారీలు వరసగా నిలబడి ఉండగా, పూట పని వదులుకోవడం అదే మొదటిసారి. నెత్తిమీది చుట్టకుదురు తీసి దులిపి, మండీ యజమాని సుబ్బరాయుడితో సంగతి చెబితే ఆయన కాదనలేదు. "పాప ఉద్యోగం పని గదా, పో చెంగయ్యా. రేపు కూడా రావద్దులే" అన్నాడు.

టీచరు పోస్టుల సెలక్షన్ లిస్టులో చెంగయ్య కూతురు సుధారాణి పేరు వచ్చింది. ఎస్సీ మహిళల కోటాలో జిల్లా మొత్తానికి ఎంపికైనవాళ్లలో చివరి పేరు అదే. చివరిదైతేనేం, గీత పైనే ఉంది. ట్రైనింగులో చేరినప్పటి కులం సర్టిఫికెట్ పాతబడిందని, ఈ సంవత్సరం తేదీతో కొత్తది తెమ్మన్నారు. కాలనీలో అందరికీ తెలిసిన పనే అది. ఆర్‌ఐ వస్తాడు, కుర్చీలో కూర్చుంటాడు, సోడా తాగుతాడు, రాసుకుని పోతాడు.

కానీ చెంగయ్య భయం చెంగయ్యది. కూతురు క్రైస్తవంలో చేరిందని తెలిస్తే ఎస్సీ సర్టిఫికెట్ రాదు. బస్టాండు దగ్గర టీ అంగడివాడిని అడిగి పాత వెంకటేశ్వరస్వామి క్యాలెండరు ఒకటి చుట్టి చంకలో పెట్టుకున్నాడు. ఇంటికి రాగానే చొక్కా విప్పి, తిరగలి రాయి గోడ దగ్గరికి జరిపి, దాని మీద ఎక్కి నిలబడ్డాడు. గోడకు సుధారాణి తగిలించుకున్న బైబిలు వాక్యాల క్యాలెండరు, దాని పైన వేలెడంత చెక్క శిలువ ఉన్నాయి. రెండూ తీసి, తుండులో చుట్టి, బట్టల పెట్టె అడుగున పెట్టాడు. అదే మేకుకు స్వామిని తగిలించి, వంకర లేకుండా సర్దాడు.

భార్య చిన్నమ్మ పక్కింటి నుంచి అడిగి తెచ్చుకున్న కుంకుమ నుదుటన దిద్దుకుని, అద్దంలో ఒకటికి రెండుసార్లు చూసుకుంది. ఆమె ఆదివారం ఆదివారం కూతురితో ప్రార్థనకు పోతుంది కానీ బాప్తిస్మం తీసుకోలేదు.

"పాప వచ్చినాక తియ్యొచ్చు గదయ్యా" అంది మెల్లగా.

"పాప వస్తే తియ్యనీదు" అన్నాడు చెంగయ్య.

సాయంత్రం అయిదున్నరకు సుధారాణి వచ్చింది. ఊళ్లో ఒక ప్రైవేటు బళ్లో రెండో తరగతికి చెబుతుంది. ఆమె చీర కుచ్చిళ్ల మీద ఎప్పుడూ సుద్దముక్క మరకలుంటాయి. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే గోడకేసి చూసింది. కోపం చేసుకోలేదు. సంచి దించి, కుండలో నీళ్లు ముంచుకుని తాగి, నవ్వింది.

"ఆయన్ని యాల నాయనా ఇబ్బంది పెడతావు? ఆయన పాటికి ఆయన యాడుండాడో ఆడ ఉండినాడు."

"రేపు ఒక్కరోజు. సార్ వచ్చి పోయినాక నీ ఇష్టం."

"నాయనా, సార్ అడిగితే నేను బాప్తిస్మం తీసుకున్నానని చెప్తా."

"అడగడు. సుమ్మనే ఉండు."

"అడిగితే?"

"అడిగితే హిందూ అను. రెండక్షరాలు."

"ఆ రెండక్షరాల్లో తప్పేమీ లేదు నాయనా. అవి నావి కావు, అంతే."

చెంగయ్య తిరగలి రాయి మీదే కూర్చున్నాడు. అరిచేతుల్లో కాయలు కాచిన చోట గోటితో గిల్లుకుంటూ అన్నాడు.

"మా నాయన ఊర్లో టీ అంగట్లో నాకు ఇప్పటికీ గ్లాసు వేరే. నువ్వు యేసుప్రభువు బిడ్డవని వాళ్లకు తెలుసు. పోయిన ఉగాదికి నువ్వూ నాతో వస్తివి గదా. నీకు ఏ గ్లాసులో ఇచ్చినారు?"

"నీ గ్లాసులోనే."

"ఆ గ్లాసు మారనప్పుడు కాయితం యాల మారేది?"

సుధారాణి వచ్చి తండ్రి పక్కన నేల మీద కూర్చుంది.

"అది అన్యాయమే నాయనా. అన్యాయమని నేనూ అంటాండా. కానీ దానికోసం ఆయన్ని తెలీదని ఎట్ల చెప్పేది? నేను ఎవుర్ని తలుచుకుని పొద్దున లేస్తానో ఆయన్నే."

దీపాలు పెట్టే వేళకు దేవవరం అయ్యవారు వచ్చాడు. కాలనీ చివర రేకుల కప్పు కింద ప్రార్థన జరిపే పెద్దాయన. ఎప్పుడూ సైకిలు మీద రివ్వున వచ్చే మనిషి, ఆ రోజు సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. చిన్నమ్మ వేసిన చాప మీద కూర్చుని, గోడ మీది బొమ్మను చూసి, చూడనట్టు తల తిప్పుకున్నాడు.

"నేను ఏం చెప్పేదానికి వచ్చినానో నాకే సిగ్గుగా ఉండాది పాపా" అన్నాడు. "మన రేకుల కిందికి నలభై ఇండ్లవాళ్లు వస్తారు. నలభై ఇండ్లలోనూ పిలకాయలు ఎస్సీ హాస్టల్లో ఉండారు, స్కాలర్‌షిప్ మీద ఉండారు. నీ దగ్గర ఆర్‌ఐ తీగ పట్టుకుని లాగితే అందరి కూడూ పోతాది. గుండెల్లో ఉండేది దేవుడికి తెలుసు. కాయితం మీద ఉండేది గవర్నమెంటుకు కావల్ల. రెండూ వేరు వేరు అనుకుంటే..."

సుధారాణి తల వంచుకుని విన్నది.

"ఎవరి పేరూ నా నోట రాదు అయ్యవారూ. నా సంగతి అడిగితే నా సంగతి చెప్తా. వాళ్ల సంగతి నాది కాదు."

అయ్యవారు లేచేటప్పుడు మామూలుగా అందరి తల మీదా చెయ్యి పెట్టి ప్రార్థన చేసేవాడు. ఆ రోజు ఆమె తల మీద చెయ్యి పెట్టి, ఒక్క మాట కూడా పలకకుండా తీసి, సైకిలు నడిపించుకుంటూనే వెళ్లిపోయాడు.

మరునాడు పదకొండు గంటలకు ఆర్‌ఐ ముద్దుకృష్ణ వచ్చాడు. యాభై దాటిన మనిషి, మంచివాడని పేరు. పక్కింటి ప్లాస్టిక్ కుర్చీ పందిట్లో వేశారు. సోడా ఇచ్చారు. సగం తాగి, కర్చీఫుతో మూతి తుడుచుకుని, ఫైలు మోకాళ్ల మీద తెరిచాడు. చెంగయ్య తండ్రి పేరు, తాత పేరు, సొంతూరు రాసుకున్నాడు. ఎండలో నిలబడిన చెంగయ్యకు ప్రతి గీతా ఒక బాక్సు దించినట్టుగా ఉంది. ఇంకొక్కటి, ఇంకొక్కటి, అయిపోయింది అనుకుంటున్నాడు.

"మతం హిందూ" అని తనలో తనే అనుకుంటూ రాయబోయి, ఆర్‌ఐ అలవాటుగా తలెత్తాడు. "అంతే గదమ్మా?"

"కాదు సార్. నేను క్రైస్తవురాలిని. నాలుగేండ్ల కిందట మదనపల్లెలో బాప్తిస్మం తీసుకున్నా."

ముద్దుకృష్ణ పెన్ను ఆగింది. చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆర్‌ఐ గుమ్మంలోంచి లోపలికి, గోడ మీది స్వామి కేసి చూశాడు. తర్వాత పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. మిగిలిన సోడా తీరిగ్గా తాగాడు.

"నాకు చెవి కొంచెం దెబ్బ తినిందమ్మా. మళ్లీ అడుగుతా. మీ ఇంట్లో పండగలు చేస్తారు గదా? మీ అమ్మ బొట్టు పెట్టుకునింది. ఆ గోడ మీద స్వామి ఉండాడు. ఇది హిందూ ఇల్లే గదా?"

"మా నాయనది హిందూ ఇల్లే సార్. నా సంగతి నేను చెప్తాండా."

"సర్టిఫికెట్ రాకుంటే పోస్టు రాదని తెలుసునా?"

"తెలుసు సార్."

"మతం మారినోళ్లను బీసీ-సి కింద రాయల్ల. ఆ కోటాలో నీ ర్యాంకుకు ఈసారి పోస్టు లేదు. అదీ తెలుసునా?"

"అదీ సూసుకున్నా సార్."

ముద్దుకృష్ణ చుట్టూ చూశాడు. పందిరి బయట కాలనీ ఆడవాళ్లు బిందెలతో నిలబడిపోయి ఉన్నారు. గొంతు తగ్గించాడు. "ఈ కాలనీలో ఇంకా ఎవరెవరు పోతారమ్మా ప్రార్థనకు?"

"మీరు నా విచారణకు వచ్చినారు సార్. నాది అయిపోయింది."

ఆయన మొహంలో కోపం రాలేదు. ఎందుకో కొంచెం తేలికపడినట్టు కూడా కనిపించింది. మూడోసారి అడిగాడు, ఈసారి బతిమాలినట్టు. "ఒక్క మాట మార్చు తల్లీ. నేనేమీ విన్లేదు."

"విన్నారు సార్" అంది సుధారాణి మెత్తగా.

ఆర్‌ఐ పెన్ను మళ్లీ తీశాడు. ఈసారి ఆగకుండా రాశాడు. అప్పుడు చెంగయ్య పందిట్లోకి వచ్చాడు.

"సార్, నేను ఏ గుడికీ పోను. ఏ ప్రార్థనకూ పోను. బాక్సులు మోస్తా. నాకొక సంగతి చెప్పండి. గుడికి పోతే మమ్మల్ని గడప దాటనీరు. చర్చికి పోతే సర్టిఫికెట్ ఇయ్యరు. మేము యాడికి పోవల్ల?"

ముద్దుకృష్ణ ఫైలు మూసి చంకలో పెట్టుకుని, లేచి నిలబడ్డాడు. "నాకు తెలీదు చెంగయ్యా" అన్నాడు. "రూలు నేను రాసింది కాదు." మోటారు సైకిలు దాకా పోయి, కిక్ కొట్టాడు.

చెంగయ్య కూతురితో మాట్లాడటం మానేశాడు. తెల్లవారుజామున మొదటి బస్సుకు పోవడం, బాక్సులు మోయడం, సాయంత్రం రావడం, సంగటి తిని గోడవైపు తిరిగి పడుకోవడం. స్వామి క్యాలెండరును టీ అంగట్లో ఇచ్చేశాడు. శిలువను మాత్రం పెట్టెలోంచి తీయలేదు. సుధారాణే తీసి ఏమీ అనకుండా మేకుకు పెట్టుకుంది.

అతనికి అన్నిటికంటే మంట పుట్టించింది ఆమె నెమ్మది. ఏడ్చి ఉంటే ఓదార్చేవాడు. ఆమె వేళకు తింటోంది, వేళకు నిద్రపోతోంది. పొద్దున్నే కల్లాపి చల్లుతూ పాట పాడుకుంటోంది. పోగొట్టుకున్నది ఆమె, నిద్ర లేనిది తనకు. ఒకరోజు చిన్నమ్మతో ఆ మాటే అన్నాడు. "దానికి నొప్పి లేదా?"

"ఉండాది. మొన్న చింతపండు పిసుకుతా కండ్లు తుడుచుకునింది. కానీ భయం లేదయ్యా దానికి. నొప్పి ఉండి భయం లేకుంటే మనిషి పాడుకోగలదు" అంది చిన్నమ్మ.

కాలనీ వాళ్లు మొదట్లో ముఖం చాటేశారు. పది రోజులు గడిచినా ఏ ఇంటికీ నోటీసు రాలేదు. ఆర్‌ఐ మళ్లీ రాలేదు. అప్పుడు ఒక్కొక్కరే, కరివేపాకు అడిగేదానికో, పిల్లకాయకు లెక్క చెప్పించుకునేదానికో, సుధారాణి దగ్గరికి రావడం మొదలుపెట్టారు.

మూడో ఆదివారం ఉదయం తల్లీ కూతుళ్లు ప్రార్థనకు పోయారు. చెంగయ్య పందిట్లో కూర్చుని తెగిన చెప్పుకు మేకు కొట్టుకుంటున్నాడు. కాలనీ దారిలో ఒక అమ్మాయి రెండు చేతులతో బరువైన సంచి మోసుకుంటూ, ఇల్లిల్లూ చూసుకుంటూ వచ్చి అతని ముందు ఆగింది.

"సుధారాణి వాళ్ల ఇల్లు ఇదేనా పెదనాయనా? నేను ఆదిలక్ష్మిని. మదనపల్లెలో ట్రైనింగప్పుడు హాస్టల్లో ఇద్దరమూ ఒకే గది. మాది కుప్పం."

చెంగయ్య చాప పరిచి, చెంబుతో నీళ్లు ఇచ్చాడు. ఆమె సగం నీళ్లు మొహాన చల్లుకుంది. ఎండకు బాగా తిరిగినట్టుంది, పాదాల నిండా దుమ్ము.

"టీచరు ఉద్యోగం వచ్చింది పెదనాయనా. ఈడికి నాలుగు మైళ్లలో పల్లెటూరు బడి. రేపు చేరల్ల. పొద్దున్నించి పుంగనూర్లో ఇల్లు కోసరం తిరుగుతాండా. మూడిండ్లు ఖాళీగా ఉండాయి. మూడిండ్లలోనూ ఫలానా కులమని చెప్పంగానే, చుట్టాలు వస్తాండారు ఇల్లు లేదమ్మా అన్నారు."

చెంగయ్య సుత్తి కింద పెట్టాడు. సర్టిఫికెట్ ఉన్నదానికి ఉద్యోగం వచ్చింది, ఇల్లు రాలేదు. తన కూతురికి ఇల్లుంది, ఆ ఉద్యోగం లేదు. అతనికి నవ్వు వచ్చింది.

"ఎప్పుడు వచ్చింది ఆర్డరు?"

ఆ అమ్మాయి చెంబు రెండు చేతుల మధ్యా తిప్పుతూ, నేలకేసి చూస్తూ అంది.

"అది చెప్పేదానికే ముందు ఈడికి వచ్చినా పెదనాయనా. లిస్టులో సుధ కింద పేరు నాది. గీత కింద. వాళ్లు పైపేరు కొట్టేసి నన్ను పిలిచినారు. సుధకు పెండ్లి కుదిరిందేమో, వద్దనుకునిందేమో అనుకుంటి. ఆఫీసులో అడిగితే అసలు సంగతి చెప్పినారు. చిత్తూరి నుంచి బస్సులో వస్తా అంతా ఏడ్చినా. ఆ పిల్లను చూడకుండా బడిలో కాలు పెట్టలేను."

చెంగయ్యకు మొదట వచ్చింది కోపమే. మూడు వారాలుగా తన గుండెల మీద కూర్చున్న ఉద్యోగం, సంచి పట్టుకుని తన చాప మీదికే వచ్చి కూర్చుంది. అతను చెప్పును తిప్పి తిప్పి చూశాడు. మేకు వంకరపోయింది. దాన్ని రాయి మీద పెట్టి కొట్టి, మెల్లగా తిన్నగా చేశాడు. ఆ కాసేపట్లో అతను ఆ పిల్ల పాదాలు చూశాడు. మడమలు పగిలి ఉన్నాయి. తన కూతురి మడమల్లాగే ఉన్నాయి.

"మీ నాయన ఏం చేస్తాడు?"

"రాళ్ల క్వారీలో పని చేసి, దగ్గు జబ్బొచ్చి పోయినాడు. అమ్మ ఉండాది."

"నువ్వు ఇన్నాళ్లూ?"

"ఆ క్వారీ పిలకాయలకే బడి చెప్తాంటి పెదనాయనా. ఒక సంస్థవాళ్లు షెడ్డు వేసినారు. ముప్పైమంది. నేను వచ్చేసినాక మూడు దినాల్నించి తాళం వేసి ఉండాది. పిలకాయలు మళ్లీ కంకర కొట్టేదానికి పోతాండారు. జీతం తక్కువని ఎవురూ రారు."

చెంగయ్య తల ఎత్తాడు. "ఆ బడికి సర్టిఫికెట్ అడుగుతారా?"

"అడగరు. సగం పిలకాయలు అరవం మాట్లాడతారు, కొందరు కన్నడం. ఓపిక అడుగుతారు."

"సంచి లోపల పెట్టు" అన్నాడు చెంగయ్య. "ఇల్లు కోసరం ఇంక తిరగొద్దు."

ప్రార్థన ముగించుకుని వచ్చిన సుధారాణి పందిట్లో ఆదిలక్ష్మిని చూసి, చేతిలో పుస్తకం తల్లికిచ్చి పరుగెత్తుకొచ్చింది. ఆదిలక్ష్మి ఏడుస్తూ చెప్పిందంతా విని, ఆమె చెంపలు రెండూ పట్టుకుని ఊపింది. "నువ్వా? నీ పేరా కింద ఉండేది? ఎవురో తెలీని మనిషికి పోయిందనుకుంటాంటి. పిచ్చిదానా, ముందే ఉత్తరం రాయొచ్చు గదా" అంది. అందులో నటన ఉందేమోనని చెంగయ్య కూతురి మొహాన్ని వెతికి చూశాడు. లేదు. మూడు వారాల తర్వాత మొదటిసారి ఆమెను పిలిచాడు.

"పాపా, కుప్పంలో ఒక బడి ఉండాదంట. ఈ పిల్లను అడుగు."

సుధారాణి ప్రైవేటు బడి మానేసింది. బుధవారం చెంగయ్య మళ్లీ పని వదులుకున్నాడు. కూతురి రేకు పెట్టె భుజాన పెట్టుకుని, పలమనేరులో బస్సు మారి, వి.కోట మీదుగా ఆమెతో కుప్పం చేరాడు. ఆదిలక్ష్మి తల్లి రంగనాయకమ్మ రైలుగేటు దగ్గర ఎదురుచూస్తోంది. పొట్టి మనిషి, నోటినిండా మాటలు. "నా బిడ్డ మీ ఇంట్లో, మీ బిడ్డ నా ఇంట్లో. ఇంక మనం చుట్టాలమే గదా అన్నా" అని పెట్టెకు రెండోవైపు తనూ ఒక చెయ్యి వేసింది. ఆమె దేవుడి గూట్లో గంగమ్మ ఫోటో ఉంది. సుధారాణి శిలువను ఎక్కడ పెట్టుకోవాలో అడిగితే, ఎదురుగోడకు తనే మేకు కొట్టి చూపించింది.

షెడ్డు క్వారీకి కూతవేటు దూరంలో ఉంది. గ్రానైటు ముక్కలతో పేర్చిన అరుగు, మూడువైపుల తడికె. తాళం తీసిన గంటకు ఒకరొకరుగా పిల్లలు వచ్చారు. జుట్టు నిండా, కనురెప్పల నిండా తెల్లటి రాతిపొడి. సుధారాణి వాళ్లను వరసగా నిలబెట్టి, కొంగు తడిపి ఒక్కొక్కరి మొహం తుడిచింది. తుడిచాక పేరు అడిగింది. ఒక పిల్ల అరవంలో ఏదో అంటే ఆమెకు అర్థం కాలేదు. అందరూ పకపకా నవ్వారు, ఆమె కూడా నవ్వింది. ఆ షెడ్డులో తొమ్మిదేళ్లు చెబుతుందని, ఆ పిల్లల్లో ఏడుగురు పదో తరగతి దాటి పోతారని ఆ రోజు ఆమెకు తెలియదు. చెంగయ్య తడికె ఊడిన చోట తాడు బిగించి కడుతూ, సాయంత్రం బస్సు టైము దాకా అక్కడే ఉండిపోయాడు.

మరునాడు పొద్దున మండీలో లారీకి లోడు ఎత్తుతుంటే సుబ్బరాయుడు పలకరించాడు.

"పాపకు ఉద్యోగం వచ్చిందా చెంగయ్యా?"

"వచ్చింది సామీ."

"గవర్నమెంటుదేనా?"

చెంగయ్య నెత్తిమీది బాక్సు సర్దుకున్నాడు. "కాదు."

"మరి ఎవరిచ్చినారు?"

"ఎవరిచ్చినారో నాకు తెలీదు సామీ. మా పాపకు తెలుసు" అని, చెంగయ్య లారీ వైపు నడిచాడు.